గెలిచిన కారు ఎలా ఉంది?

"నా భార్య తెలివితక్కువది కాదండీ. అందుకే నాకేమీ అర్థం కావట్లేదు," అన్నాడు లిఫ్ట్ మెకానిక్.

అతని భార్య నడిపే బ్యూటీ పార్లర్‌కి వెళ్లే మెట్ల మొదట్లో నిలబడి ఉన్నారు అతనూ, డిటెక్టివూ. మెకానిక్ చొక్కా జేబులో టెస్టరు, మోచేతుల దాకా గ్రీజు. లక్కీ డ్రాలో కారు గెలిచారంటూ ఎవరో తన భార్యకు రోజూ ఫోన్ చేస్తున్నారనీ, పన్నని ఒకసారి, ఇన్సూరెన్సని ఒకసారి, రవాణా ఖర్చని ఇంకోసారి డబ్బు గుంజుతున్నారనీ, ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కించుకోవడం లేదనీ అతను ముందురోజే డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చి మొరపెట్టుకున్నాడు. డిటెక్టివ్ నలభై అయిదు దాటిన ఆడమనిషి. పోలీసు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి చాలా కాలమైనా ప్రశ్నలు అడిగే తీరులో మాత్రం ఖాకీ వాసన ఇంకా పోలేదు.

"ఫోన్ ఎప్పుడొస్తుంది?"

"మధ్యాహ్నం రెండింటికి. ఇంతకు ముందు ఆ వేళకి పార్లర్ మూసి ఇంటికొచ్చేది. ఇప్పుడు షట్టర్ సగానికి దించుకుని లోపలే ఉంటోంది."

"ఏం మాట్లాడుతుంది?"

"ఇంకేముందండీ, కారు! కారు ఎలా ఉంది, కారు ఎలా ఉంది, ఇదే గోల. సిగ్గు విడిచి చెప్తున్నా, షట్టర్ దగ్గర చెవి పెట్టి విన్నాను."

"కారు ఎప్పుడిస్తారని అడిగిందా?"

మెకానిక్ గ్రీజు చేత్తో తల గోక్కున్నాడు. "లేదు. ఒక్కసారి కూడా అడగలేదండీ."

"ఆవిడకి కార్లంటే అంత మోజా?"

"మోజా! కారెక్కి వీధి మలుపు తిరిగేలోపు వాంతి చేసుకుంటుంది. మా పెళ్లప్పుడు ఊరేగింపు కారు ఖాళీగా వచ్చింది, మేమిద్దరం వెనకాల నడిచొచ్చాం."

డిటెక్టివ్ నవ్వలేదు. ఆమె ఒక్కో సమాధానాన్నీ మనసులో పక్కపక్కన పేర్చుకుంటోంది. కారంటే పడని మనిషి, ఎప్పుడిస్తారని అడగని మనిషి, దాని క్షేమం మాత్రం రోజూ కనుక్కుంటోంది.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"అబ్బే, ఎవరికీ చెప్పలేదండీ. మా సూపర్‌వైజరుకి, ఎదురుగా మందుల షాపాయనకి, పై అంతస్తువాళ్లకి... ఇందాక పోలీసులకి."

"పోలీసులకా? నేను చూస్తానని చెప్పాను కదా!"

"సైబర్ ఇన్‌స్పెక్టర్ గారు చాలా మంచాయనండీ. ఈరోజే పని పూర్తి చేసేస్తానన్నారు." మెకానిక్ నీళ్లు నమిలాడు. "తప్పు చేశానా?"

డిటెక్టివ్ గబగబా మెట్లెక్కింది. సైబర్ ఇన్‌స్పెక్టర్ ఎవరో ఆమెకు బాగా తెలుసు. ఒకప్పుడు ఒకే స్టేషనులో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. వాళ్లిద్దరి పెళ్లి గురించి స్టేషనంతా మాట్లాడుకుంది. మాట్లాడుకోనిది వాళ్లిద్దరే. తర్వాత అతనికి బదిలీ వచ్చింది. ఎదురుగా ఖాళీ బల్ల చూస్తూ కూర్చోలేక, ఇంకేదో కారణం రాసి ఆమె రాజీనామా ఇచ్చేసింది.

పార్లర్ చిన్నదే. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, మైనం కరిగించే గిన్నె, గోడకు హెయిర్ డ్రయ్యర్లు. మొదటి కుర్చీలో తలకు రంగు పట్టించుకుని ఒక రిటైరైన టీచరమ్మ కూర్చుని ఉంది. లోపలి గదిలో పార్లరమ్మ తువ్వాళ్లు ఉతుకుతున్న చప్పుడు.

డిటెక్టివ్ చూపు ముందు గోడ మీద ఆగింది. పోలీసుశాఖ వేసిన పోస్టరు అక్కడ అతికించి ఉంది, "బహుమతి మోసాలతో జాగ్రత్త" అని. అద్దంలో ముఖం చూసుకునే ప్రతి మనిషికీ కనిపించే చోట, నాలుగు మూలలా టేపు వేసి.

"ఇది ఎవరు అంటించారండీ?" అని అడిగింది టీచరమ్మను.

"ఈ అమ్మాయే. లేకపోతే పోయిన వారం నా కొంప మునిగేది." టీచరమ్మ హుషారుగా ఇటు తిరిగింది. "ఇదే కుర్చీలో ఉండగా నాకు ఫోనొచ్చింది. ఫ్రిజ్ గెలిచారు, ఛార్జీలు కట్టండి అని. నేను సరే సరే అంటుంటే ఈ పిల్ల నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. 'మీరు ఏ డ్రాలోనైనా పేరు ఇచ్చారా టీచరమ్మా? పేరే ఇవ్వని డ్రాలో ఎలా గెలుస్తారు? నిజంగా బహుమతి ఇచ్చేవాడు మీ దగ్గర పైసా అడగడు. పన్ను కట్టాల్సొస్తే ప్రభుత్వానికి కడతాం గానీ వాడి జేబులో వేస్తామా? ఈరోజే కట్టాలి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అన్నాడా? అన్నాడు కదా? ఇంకేం కావాలి!' అని కడిగేసింది. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను, నాకు పాఠం చెప్పింది మాత్రం ఈమే."

పోయిన వారమే. అంటే రోజూ మధ్యాహ్నం తానే డబ్బు కడుతున్న రోజుల్లో.

డిటెక్టివ్ రెండో కుర్చీ దగ్గరికి నడిచింది. దాని మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఉతికి ఇస్త్రీ చేసినది. కింద తోలు మెరుస్తోంది. అద్దం కింద కొక్కేనికి ఒక కత్తెర వేలాడుతోంది. చేతిలోకి తీసుకుంది. నూనె రాసి, తుడిచి పెట్టిన కత్తెర. కానీ వేళ్లకు ఏదో పొసగలేదు. బొటనవేలికి అంచు గుచ్చుకుంటోంది. సంచిలోంచి ఒక పాత బస్సు టికెట్ తీసి కత్తిరించబోయింది. కాగితం తెగకుండా బ్లేడ్ల మధ్య మడతపడిపోయింది. కత్తెరను ఎడమచేతికి మార్చింది. టికెట్ చక్కగా రెండు ముక్కలైంది.

"జుట్టు కత్తిరించాలా?" వెనక నుంచి గొంతు వినిపించింది.

పార్లరమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. కుడిచేత్తో డిటెక్టివ్ చేతిలోని కత్తెర తీసుకుని, తిరిగి కొక్కేనికి తగిలించింది.

టీచరమ్మ తల కడిగించుకుని, ఆరబెట్టించుకుని వెళ్లేదాకా డిటెక్టివ్ ఓపిగ్గా కూర్చుంది. తర్వాత మొదటి కుర్చీలో తాను ఎక్కి కూర్చుంది. మెడ చుట్టూ గుడ్డ బిగించి, పార్లరమ్మ దువ్వెన అందుకుంది.

"మా ఆయన పంపాడు కదా మిమ్మల్ని?"

"ఎలా తెలిసింది?"

"మెట్ల కింద ఆయన గుసగుసలు పైదాకా వినిపిస్తాయి. ఎంత పొట్టిగా కత్తిరించమంటారు?"

"మీ ఇష్టం. కారు ఏ కంపెనీదండీ?"

"తెల్లది."

"కంపెనీ అడిగాను."

"గుర్తులేదు." కత్తెర చకచకా ఆడుతోంది.

"పోస్టరు మీరే అంటించారు. టీచరమ్మని మీరే కాపాడారు. మోసమని మీకు మొదటి రోజే తెలుసు. తెలిసీ కడుతున్నారు."

"ఆశండీ. మనిషికి ఆశ ఉండకూడదా?"

"ఉండాలి. కారు మీద ఆశ ఉన్నవాళ్లు ఎప్పుడు చేతికొస్తుందా అని ప్రాణం తీస్తారు. మీరు అది తప్ప అన్నీ అడుగుతున్నారు." డిటెక్టివ్ అద్దంలోంచి ఆమె కళ్లలోకి చూసింది. "ఈ పార్లర్లో ఎడమచేతి వాటం మనిషి ఎవరు?"

కత్తెర ఆగిపోయింది.

"మీరు కొంటున్నది కారు కాదు. రోజూ కాసేపు వినిపించే ఆ గొంతు. ఎవరిది అది?"

పార్లరమ్మ పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. టోపీ చంకలో ఉంది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. సగం కత్తిరించిన జుట్టుతో కుర్చీలో ఉన్న డిటెక్టివ్‌ని చూసి గుమ్మంలోనే ఒక్క క్షణం తటపటాయించాడు.

"మీరా!" అన్నాడు.

"నేనే. మీరు ఇంత తొందరగా ఫిర్యాదు మీద కదలడం కొత్తగా ఉంది."

"ప్రైవేటు వాళ్లకి గంటల లెక్కన జీతం. మాకు అలా కాదు, తొందరగా తేల్చాలి." అతను పార్లరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు డబ్బు పంపే ఖాతా, వాళ్లు వాడే నంబరు రెండూ పట్టుకున్నాం. మూయించేస్తున్నాను. రెండు గంటలకల్లా పని అయిపోతుంది. ఇక మీకు ఆ ఫోన్ బాధ ఉండదు."

పార్లరమ్మ చేతిలోని దువ్వెన కింద పడింది. "వద్దు సార్! ఆపండి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆపండి!"

"చూడమ్మా," ఇన్‌స్పెక్టర్ పోస్టరు వైపు వేలు చూపించాడు. "బహుమతి ఇచ్చేవాడు ముందుగా..."

"ముందుగా డబ్బు అడగడు. ఓటీపీ అడగడు, ఖాతా వివరాలు అడగడు. తొందర పెట్టడు, ఎవరికీ చెప్పొద్దనడు. అనుమానం వస్తే వాడిచ్చిన నంబరుకి కాకుండా కంపెనీ అసలు నంబరు వెతికి అడగాలి." గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది పార్లరమ్మ. కళ్లనిండా నీళ్లు. "అంతా తెలుసు సార్. నాకు ఆ ఫోన్ కావాలి."

"పిచ్చా మీకు?"

"ఆ ఆర్డరు ఆపించు," అంది డిటెక్టివ్ కుర్చీలోంచి లేచి. మెడకు గుడ్డ అలాగే ఉంది. కోపంలో 'మీరు' ఎక్కడో జారిపోయింది. "అవతల మాట్లాడేది ఎవరో తెలుసుకోకుండా తీగ తెంపేస్తావా?"

"దొంగ. అంతకన్నా ఏం తెలియాలి?"

"ఎప్పుడూ ఇంతే నువ్వు. ఫైలు మూసేస్తే పని అయిపోయినట్టే!"

"నా చెల్లెలు సార్," అంది పార్లరమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

ఆమె రెండో కుర్చీ మీది గుడ్డ అంచు పట్టుకుని నిలబడింది. "అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్లు. జడ వెయ్యడం నేను దాని తల మీదే నేర్చుకున్నాను. పెద్దదయ్యాక నా పక్కనే పనిలోకి దిగింది. ఎడమచేత్తో కత్తిరిస్తుంటే కస్టమర్లు జడుసుకునేవాళ్లు. అయ్యాక అద్దంలో చూసుకుని, మళ్లీ దాన్నే అడిగేవాళ్లు. వేరే ఊళ్లో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం, మంచి జీతం అని ఎవరో చెప్తే వెళ్లింది. వారం రోజులు మాట్లాడింది. అంతే. నేను స్టేషనుకి వెళ్లాను. మేజరు పిల్ల, ఇష్టపడి వెళ్లింది, ఇది కేసు కాదన్నారు." ఆమె ఇన్‌స్పెక్టర్ని చూసింది. "మీరే అన్నారు సార్. టోపీ ఇలాగే చంకలో ఉంది."

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు మారింది. గుర్తొచ్చిందో లేదో గానీ, కాదనలేదు.

"మళ్లీ ఎప్పుడు విన్నారు?" అని అడిగింది డిటెక్టివ్ మెల్లగా.

"వేసవిలో. 'అభినందనలు మేడమ్' అని ఫోనొచ్చింది. మొదటి అక్షరానికే పట్టేశాను. పేరుపెట్టి అరవబోయాను. 'ఈ కాల్ రికార్డవుతోంది మేడమ్, మా సార్ కూడా వింటున్నారు' అని గబగబా అంది. నోరు నొక్కేసుకున్నాను. 'మీరు గెలిచిన కారు మా దగ్గరే ఉంది, దాని గురించి ఏమైనా అడగండి మేడమ్' అంది. అడిగాను. కారంటే తనే కదా. అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను."

"మీ ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సాయంత్రానికి ఊరంతా పరామర్శకి వస్తుంది. ఆ సంగతి వాళ్ల చెవిన పడితే దాని గతేంటి?" ఆమె కళ్లు తుడుచుకుంది. "డబ్బు కట్టకపోతే నా నంబరు కొట్టేసి దానికి ఇంకో నంబరు ఇస్తారు. నేను దాని గొంతు మళ్లీ వినను. రాత్రిళ్లు వంట చేసుకుంటూ, అది 'బాగుంది మేడమ్' అన్నప్పుడు నిజంగా బాగుందా, జలుబు చేసిందా, ఏడ్చి మాట్లాడిందా అని తిప్పితిప్పి ఆలోచిస్తుంటాను. నాకు మిగిలింది అంతే."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగే లోపే అతను ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. "నేనే మాట్లాడుతున్నా. ఆ ఖాతా మూయించమని పంపిన ఆర్డరు... వెళ్లిపోయిందా? ఎప్పుడు?... వెనక్కి తీసుకో. ఎలాగైనా తీసుకో. నువ్వు పరిగెత్తుకుంటూ వెళ్లు!"

అద్దం ముందు పెట్టిన పార్లరమ్మ ఫోన్ మోగింది. రెండు గంటలైంది.

డిటెక్టివ్ ఫ్యాను ఆపింది. ఇన్‌స్పెక్టర్ శబ్దం కాకుండా షట్టర్ సగానికి దించాడు. పార్లరమ్మ ఫోన్‌ని స్పీకర్లో పెట్టింది.

"నమస్కారం మేడమ్. బహుమతుల విభాగం నుంచి మాట్లాడుతున్నాను." కుర్రగొంతు. కాస్త బొంగురుపోయి ఉంది.

"చెప్పండి. నా కారు ఎలా ఉంది?" అంది పార్లరమ్మ.

"బాగుంది మేడమ్." చిన్న విరామం. "నిన్న కొద్దిగా గీతలు పడ్డాయి. వెనకవైపు."

పార్లరమ్మ గోళ్లు కుర్చీ చేతిలోకి దిగాయి. గొంతు మాత్రం వణకలేదు. "అయ్యో. ఎలా పడ్డాయి?"

"షెడ్డువాళ్లు మేడమ్. ఈ వారం బేరాలు తగ్గాయని."

"పెట్రోలు పోస్తున్నారా మరి?"

"ఒక పూట పోస్తున్నారు మేడమ్. చాలు. బండి చిన్నదే కదా."

ఇన్‌స్పెక్టర్ మెల్లగా గుమ్మం పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. డిటెక్టివ్ లిప్‌స్టిక్ అందుకుని అద్దం మీద 'ఎక్కడ?' అని రాసింది.

"ఏదో ఒకరోజు బండి తీసుకోవడానికి నేనే వస్తాను కదా," అంది పార్లరమ్మ. "షెడ్డు దగ్గర గుర్తుగా ఏముంది?"

అవతల ఊపిరి వినిపించింది. "అవన్నీ చెప్పడానికి రూల్సు ఒప్పుకోవు మేడమ్. ఒక్కటి చెప్పగలను. మీ బండికి ఇంజను చప్పుడు పెద్ద ఇబ్బందేమీ కాదు. పొద్దున్నే ఓడ కూత వేస్తుంది కదా, ఆ చప్పుడులో ఏమీ వినిపించదు."

ఓడరేవు. డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్ ఒకరినొకరు చూసుకున్నారు. ఊరి చివరే, ఇన్నాళ్లూ ఇంత దగ్గరలో.

"ఇంకో మాట మేడమ్," అంది ఆ గొంతు తొందరగా. "కార్లన్నిటినీ ఓడ ఎక్కిస్తారంటున్నారు. ఎక్కించేస్తే ఇక మీ..."

మాట తెగింది. ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, తీరుబడిగా.

"అక్కగారూ, నమస్కారం."

పార్లరమ్మ అద్దం ముందు నుంచి ఫోన్‌ని చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడే మా ఖాతా మూసుకుపోయిందని కబురొచ్చింది. మీ పక్కన పోలీసులున్నారు. లేరని అనకండి, ఇంతకాలం లేని అబద్ధం మన మధ్య ఎందుకు?"

"నువ్వు... నీకు తెలుసా?"

"మొదటి రోజునుంచీ. కారు గురించి మీ ఇద్దరి కబుర్లు రోజూ వింటూనే ఉన్నాను. ఆపాల్సిన పని నాకేముంది? బహుమతి మీద ఆశ నాలుగు రోజుల్లో చల్లారిపోతుంది. మీది చల్లారే రకం కాదు. మీ చెల్లెలి దగ్గర ఎవరెవరి నంబర్లున్నాయో వెతికి, మీ నంబరు దాని ముందు పెట్టింది నేనే."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. అతని చేతిని డిటెక్టివ్ గట్టిగా పట్టుకుని ఆపింది.

"ఓడ సాయంత్రం కదులుతుంది," అన్నాడు ఆ మనిషి. "మీ బండి దానిలో ఉండకూడదంటే, మీరే వచ్చి తీసుకెళ్లండి. ఒక్కరే. చోటు తర్వాత చెప్తాను. పోలీసు నీడ కనిపించిందా, బండిని నీళ్లలో వెతుక్కోవాలి."

డిటెక్టివ్ తల అడ్డంగా ఊపింది. ఒప్పుకోవద్దని. ఇన్‌స్పెక్టర్ కూడా వద్దని చేత్తో సైగ చేశాడు. పార్లరమ్మ ఇద్దరినీ చూడలేదు.

"వస్తాను," అంది. "ముందు దాన్ని ఒక్క మాట మాట్లాడనివ్వు. మేడమ్ అని కాదు. మామూలుగా."

అవతల నవ్వు వినిపించింది. ఏదో బల్ల జరిగిన చప్పుడు, పెనుగులాట. తర్వాత ఎక్కడో దూరం నుంచి, గొంతు చించుకుని ఒక అరుపు:

"అక్కా, రావొద్దు! ఇక్కడ మీ పోలీసు..."

ఫోన్ ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ముఖం పాలిపోయింది. ఖాతా మూసిన సంగతి క్షణాల్లో అక్కడికి చేర్చగలిగింది తన సైబర్ విభాగంలోని మనిషేనని అతనికి అప్పుడే తట్టింది. ఆ ఆర్డరు పంపింది అతను, దాని సంగతి తెలిసినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే. జేబులోంచి తన ఫోన్ తీసి, అదేదో కాలే వస్తువైనట్టు చూసి, ఆపేశాడు. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి డిటెక్టివ్‌ని పాత పద్ధతిలో పిలిచాడు. "నువ్వు చెప్పు. ఇప్పుడు నేను ఎవర్నీ పిలవలేను. మనం ముగ్గురమే. ఏం చేద్దాం?"

డిటెక్టివ్ మెడకున్న గుడ్డ విప్పుతూ పార్లరమ్మ వైపు చూసింది. ఆమె ఇంకా ఆగిపోయిన ఫోన్‌ని రెండు చేతులతో చెవికి అదుముకునే ఉంది. భయం ఉంది ఆ ముఖంలో. దాన్ని మించి మరొకటి ఉంది.

"అక్కా అంది," అంది పార్లరమ్మ, సాక్ష్యం అడుగుతున్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. "మీరూ విన్నారుగా?"